ముసలి ఒంటికి అనుపానం

నా భార్య నాకంటే వయసులో పెద్దదన్న సంగతి పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళకి, స్టీవెనేజ్‌లో, ఫ్లూ ఇంజెక్షన్ కోసం చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చున్నప్పుడు నాకు తెలిసింది. అలాంటి సంగతులు తెలుసుకోవడానికి అది సరైన భంగిమ కాదు. ఒక భుజం బయటపెట్టుకుని, దానిమీద దూదిముక్క అదుముకుని కూర్చున్న మగవాడికి కోపం రావచ్చు గాని, ఆ కోపాన్ని ఎవరూ పట్టించుకోరు.

అప్పటిదాకా మా ఇంటి లెక్క చాలా తేలిగ్గా ఉండేది. నాకు అరవై ఆరు, ఆవిడకి అరవై మూడు. ఆ మూడేళ్ళ పెద్దరికాన్ని కాపురం పెట్టినప్పటి నుంచీ నేను ఒక్క పూట కూడా ఖాళీగా ఉంచలేదు. కారులో దారి తప్పినా, పిల్లని ఏ బళ్ళో వెయ్యాలన్నా, సోఫా ఏ గోడకి పెట్టాలన్నా, వాదనలో నా దగ్గర సరుకు అయిపోయాక చివరి మాట ఒకటుండేది: "నీకంటే మూడేళ్ళు ముందు పుట్టినవాణ్ణి, నాకు తెలీదా?" ఆవిడ ఎదురు చెప్పేది కాదు. చిన్నగా నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ నవ్వుని నేను గౌరవం అనుకున్నాను. ఎంత తెలివితక్కువగా అనుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతాయి.

మా తరం తెలుగువాళ్ళకి రెండు వయసులుంటాయని వేరే చెప్పక్కర్లేదు. ఒకటి అమ్మ చెప్పేది, ఇంకొకటి సర్టిఫికెట్ చెప్పేది. నన్ను బళ్ళో వెయ్యడానికి మా నాన్న తీసుకెళ్ళినప్పుడు మాస్టారు పుట్టిన తేదీ అడిగితే, "వానలు పట్టుకున్నాక" అన్నాడట. మాస్టారు ఎక్కువ ఆలోచించకుండా ఆరోజు తేదీనే వేసేశారు. ఇక్కడ ఉపగ్రహాలు తయారుచేసే కంపెనీలో రిటైరయ్యేదాకా ఇంజనీరుగా పనిచేశాను. మా సెక్షన్లో ముగ్గురు తెలుగువాళ్ళం, ముగ్గురి పుట్టినరోజూ జూన్‌లో బళ్ళు తెరిచే రోజే. మా మేనేజరు ముగ్గురికీ కలిపి ఒకే కేకు తెప్పించేవాడు. ఒక ఏడాది ఉండబట్టలేక, మీ దేశంలో పిల్లలు ఆ ఒక్క వారంలోనే పుడతారా అని ఎంతో మర్యాదగా అడిగాడు. మేమూ అంతే మర్యాదగా అవునన్నాం. కానీ నాది నెలల తేడా మాత్రమే. సంవత్సరం అసలైనదే. ఆ ధీమాతోనే ప్రపంచంలో అందరి సంవత్సరాలూ అసలైనవే అనుకుంటూ బతికాను.

ఇదంతా బయటపడడానికి కారణం కిందటేడు శీతాకాలం.

మా ఆవిడది ఉబ్బసం ఛాతీ. ఈ దేశపు చెమ్మకి అది మరీ ముదిరింది. అందువల్ల అరవై అయిదు దాటకపోయినా ఏటా ఆకులు రాలే రోజుల్లో సర్జరీ వాళ్ళు, అంటే మా పేట డాక్టర్ల క్లినిక్‌వాళ్ళు, ఆవిణ్ణి కూడా ఫ్లూ టీకాకి పిలుస్తారు. కిందటేడు ఇద్దరం వెళ్ళాం. నాకు ఇంటికి రాగానే చెయ్యి బరువెక్కి, మర్నాడంతా ఒళ్ళు వెచ్చగా ఉండి, సోఫాలో పడుకుని మూలిగాను. ఆవిడ చక్కగా మొక్కలకి నీళ్ళు పోసి, పెసరట్లు వేసి, "నాకు చీమ కుట్టినట్టు కూడా లేదండీ" అంది. "పడుచు ఒళ్ళు కదా మరి" అన్నాను. మళ్ళీ అదే నవ్వు.

కొత్త సంవత్సరం వచ్చాక మాంచెస్టర్‌లో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళి, పులిహోరతో పాటు ఫ్లూ కూడా కట్టించుకుని వచ్చాం. నాకు రెండు రోజులు ముక్కు కారింది. ఆవిడకి న్యుమోనియా అయింది. అంబులెన్సులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, మాట రాక, చేత్తో నాకు సైగలు చేసింది. ఏదో ముఖ్యమైన విషయమనుకుని వంగి చూస్తే, స్టవ్ ఆపారా అని. హాస్పిటల్లో ఆవిడ మంచం పక్కన కూర్చున్న ఆ రోజుల్లో నేను ఏ జోకూ వెయ్యలేదు. చాలా భయపడ్డాను. ఊపిరి తీసుకోవడం ఇంత శ్రమతో కూడిన పని అని అంతకుముందు నాకు తెలియదు. ఆవిడ ఛాతీ లేచిన ప్రతిసారీ నేనూ కూడదీసుకుని ఊపిరి పీల్చేవాణ్ణి.

ఇంటికి పంపించేముందు అక్కడి పెద్ద డాక్టరు, ఊపిరితిత్తుల్లో కొంత మచ్చ మిగిలిపోయిందని, వచ్చే శీతాకాలం ఇలాంటిది ఇంకోటి రాకుండా చూసుకుంటే మంచిదని అన్నాడు. చాలా మెత్తగా అన్నాడు. ఈ దేశంలో డాక్టర్లు గట్టిగా మాట్లాడితే సిగరెట్లు మానెయ్యమనో, బరువు తగ్గమనో అర్థం. మెత్తగా మాట్లాడితేనే మనం కుర్చీ వెతుక్కోవాలి.

ఎండాకాలమంతా మాకు తెలిసిన తెలుగువాళ్ళందరూ వైద్యం చేశారు. 'ఇమ్యూనిటీ' అన్న మాట ఈమధ్య మనవాళ్ళ నోట్లో కందిపప్పు, మినప్పప్పు లాగా దుకాణంలో దొరికే సరుకైపోయింది. ఒక అంకుల్ పసుపు పాలతో ఇమ్యూనిటీ పెంచుకోమన్నాడు. ఒక ఆంటీ మునగాకు పొడి తెచ్చి ఇచ్చింది. ఇంకో ఆయన, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, గోరువెచ్చటి నీళ్ళు తాగితే ఏ వైరసూ గొంతు దాటదని వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టాడు. ఆయనే ఆ తర్వాతి వారం దగ్గుతో మంచమెక్కాడు. నేను గ్రూపులో గోరువెచ్చటి శుభాకాంక్షలు పంపించాను. నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

అసలు సంగతి చెప్పింది మా అమ్మాయి. లీడ్స్‌లో హాస్పిటల్ డాక్టరు. ముసలివాళ్ళని చూసే విభాగం. మేము తెలుగులో మాట్లాడితే అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం యార్క్‌షైర్ ఇంగ్లీషులో వస్తుంది. సెప్టెంబరులో ఒక ఆదివారం వీడియో కాల్‌లో ఉండగా, కిందటేడు ఇద్దరికీ టీకా వేశారు కదా, నాకు జలుబుతో పోయి మీ అమ్మకి ఛాతీ దాకా ఎందుకెళ్ళింది అని అడిగాను.

"డాడ్, యూ టూ డిడ్ నాట్ గెట్ ద సేమ్ వ్యాక్సిన్," అంది.

అరవై అయిదు దాటినవాళ్ళకి వేసేది వేరట. ఎందుకు వేరు అంటే, ముందు నా ఒంటి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఛాతీ ఎముక వెనక థైమస్ అని ఒక గ్రంథి ఉంటుందట. చిన్నప్పుడు అది రోగాలతో పోట్లాడే కొత్త కణాలకి బడి నడుపుతుంది. వయసు పెరిగేకొద్దీ అది కొవ్వు పట్టి దాదాపు మూతపడుతుంది. కొత్త కణాలు తయారవడం తగ్గిపోతుంది. ఎప్పుడో వచ్చిన జబ్బుల్ని గుర్తుపెట్టుకున్న పాత కణాలు మాత్రం కుర్చీలు వదలకుండా కూర్చుంటాయి. ఇది నాకు వెంటనే అర్థమైంది. మన తెలుగు సంఘం కమిటీని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. పైగా ముసలి ఒంట్లో సన్నటి మంట ఒకటి ఎప్పుడూ రగులుతూనే ఉంటుందట. ప్రతి చిన్నదానికీ చిరాకుపడుతుంది, తీరా అసలు శత్రువు వస్తే చప్పున లేవదు.

"మీ నాన్నగారిని చూసే రాసుంటారు," అంది మా ఆవిడ పక్కన చిక్కుడుకాయలు వలుస్తూ.

అందుకని మామూలు టీకా వేస్తే ముసలి ఒళ్ళు దాన్ని సరిగా పట్టించుకోదు. అసలు మందుకి తోడుగా ఇంకోటి కలపాలి. ఆ తోడు దానంతటది ఏ జబ్బునీ ఆపదు. గుచ్చినచోట కాస్త అలజడి చేసి, నిద్రపోతున్న కణాల్ని పిలుచుకొచ్చి, ఇదిగో ఈ మందు చూడండి అని చూపిస్తుంది. కొన్ని టీకాల్లో అల్యూమినియం ఉప్పులు, అంటే మన పటికలాంటివి, వాడతారట. పటిక ముసలి ఒంటిని అంతగా కదపదట. ఫ్లూ టీకాలో సన్నటి నూనె తుంపరలు కలుపుతారు. ఆ నూనె సొరచేప కాలేయంలోంచి తీసేది. దానికో ఇంగ్లీషు పేరుంది, అడ్జువెంట్ అంటారు, తెలుగులో ఏమంటారో తనకి తెలియదంది. నాకూ తెలియలేదు. 'సహాయక ద్రవ్యం' అన్నాను. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలా ఉందని నాకే అనిపించింది.

"అదా! అనుపానం అని చెప్పొచ్చుగా," అంది మా ఆవిడ.

ఆవిడ తాతగారు తెనాలి దగ్గర ఆయుర్వేద వైద్యుడు. ఆవిడ చిన్నతనం ఆయన ఇంట్లోనే గడిచింది. మాత్ర ఒకటే అయినా, తేనెలో రంగరించి ఇస్తారా, నేతిలోనా, అల్లం రసంలోనా అన్నదాన్ని బట్టి అది పనిచేసే తీరు మారుతుంది. మందుతో కలిపి ఇచ్చే ఆ తేనే, నెయ్యీ, రసమూ అనుపానం.

"పిల్లలకి తేనె చాలనేవారు తాతయ్య," అంది. "ముసలివాళ్ళకి అల్లమో పిప్పళ్ళో తగలాలి, లేకపోతే మందు కడుపులోకెళ్ళి అదీ పడుకుంటుంది అనేవారు."

"దట్స్ నాట్ ఎగ్జాక్ట్లీ ఇట్, మమ్," అంది అమ్మాయి, "బట్ ఐ యామ్ నికింగ్ దట్." ఆ మాట కొట్టేస్తున్నానని అర్థం. రెండుమూడుసార్లు 'అనూపానమ్' అని సాధన కూడా చేసింది.

మా ఆవిడ చిక్కుడుకాయల్లోంచి తలెత్తలేదు. "అయితే ఆ అనుపానం అరవై అయిదు దాటితేనే ఇస్తారా?"

అవునంది అమ్మాయి.

"అరవై ఏడేళ్ళ మనిషికి పొరపాటున అనుపానం లేనిది వేస్తే?"

పనిచెయ్యకపోదు, తక్కువ పనిచెయ్యవచ్చు అంది. అరవై ఏడు ఎందుకడిగావంది. ఊరికే అంది మా ఆవిడ. నేను ఎవరో స్నేహితురాలి గురించి అనుకున్నాను. "నీకింకా రెండేళ్ళుంది, ఆ ముచ్చటా తీరుతుందిలే, తొందరెందుకు?" అని వేళాకోళం చేశాను. ఈసారి నవ్వలేదు. నేనేమైనా గమనించానా అంటే, చిక్కుడుకాయ కూర కాస్త మాడిందని మాత్రం గమనించాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ అన్యమనస్కంగా ఉంది. పిలిస్తే పలకదు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని కిటికీలోంచి పక్కింటివాళ్ళ చెత్త బిన్నులకేసి చూస్తూ నిలబడుతుంది. నేను ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడి ఆక్సిజన్ చూసే క్లిప్పు ఆవిడ వేలికి తగిలించబోతే చెయ్యి లాక్కుంది. "నా వేలు బాగానే ఉంది, మీరు వెళ్ళి క్రికెట్ చూసుకోండి" అంది.

అక్టోబరు చివర ఒక శనివారం సర్జరీలో ఫ్లూ క్లినిక్. గది బయట వరసగా కుర్చీలు, అన్నిటిలోనూ మా ఈడువాళ్ళే, అందరికీ ఒక చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. భార్యాభర్తల్ని కలిపే లోపలికి పంపిస్తున్నారు. లోపల నర్సు ముందు రెండు ట్రేలు. ఎడమవైపుది ముసలివాళ్ళకి, కుడివైపుది మిగతావాళ్ళకి. నా పుట్టిన తేదీ అడిగింది. మా మాస్టారు వేసిన తేదీ చెప్పాను. ఎడమ ట్రేలోంచి తీసి గుచ్చి, దూది ఇచ్చి, పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

మా ఆవిడ తేదీ చెప్పింది. నర్సు కంప్యూటర్లో చూసి, "లవ్లీ," అని కుడి ట్రేలో చెయ్యి పెట్టింది.

"సిస్టర్, వన్ మినిట్," అంది మా ఆవిడ. "డేట్ ఈజ్ కరెక్ట్. ఇయర్ ఈజ్ రాంగ్."

నర్సు ఆగింది. మా రికార్డులో తప్పు పడిందా అని అడిగింది. రికార్డు కరెక్టే, స్కూల్ మాస్టర్ రాంగ్ అంది మా ఆవిడ. ఏ స్కూల్ అని అడిగింది నర్సు. ఊళ్ళో స్కూల్ అంది. నర్సు సిరంజి ట్రేలో పెట్టేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, పసిపిల్లలతో మాట్లాడే గొంతుతో, ఈరోజు ఏ వారమో చెప్పగలవా లవ్ అని అడిగింది. ఈ గొంతు నాకు తెలుసు. మతిమరుపు పరీక్ష. శనివారం అని చెప్పింది మా ఆవిడ. దేశానికి రాజు ఎవరంటే చెప్పి, ఆయనకంటే వాళ్ళమ్మగారే నయమని కూడా చెప్పింది. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే ఇంగ్లీషులో ఒకసారి పెట్టి, నర్సు అడక్కుండానే తెలుగులో ఇంకోసారి పెట్టింది.

నర్సు నావైపు తిరిగింది. నేను చక్కగా, బాధ్యత గల భర్తలాగా, భార్యకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాను.

"షీ ఈజ్ సిక్స్టీ త్రీ," అన్నాను. "డెఫినెట్లీ. త్రీ ఇయర్స్ యంగర్ దాన్ మీ."

అప్పుడు మా ఆవిడ నాకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. చాలా దూరం నడిచొచ్చి సంచి కింద పెట్టే మనిషి మొహంలా ఉంది.

"అరవై ఏడండీ," అంది తెలుగులో. "మీకంటే ఏడాది పెద్దదాన్ని. ఇక్కడ గొడవ చెయ్యకండి, ఇంటికెళ్ళాక చేద్దురుగాని."

నేను గొడవ చెయ్యలేదు. చెయ్యడానికి నోరు రాలేదు. భుజం మీది దూది కింద పడింది, అది కూడా తీసుకోలేదు.

నర్సు వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది. ముప్పై అయినా దాటని అమ్మాయి, బ్రాడ్‌ఫర్డ్‌లో పెరిగింది, తల్లిదండ్రులది పాకిస్తాన్ వైపు పంజాబట. మా ఆవిడ మళ్ళీ మొదలుపెట్టబోతే, రెండు మాటలకే చెయ్యి ఎత్తింది.

"స్కూల్ మాస్టర్?" అని అడిగింది.

"స్కూల్ మాస్టర్," అంది మా ఆవిడ.

"మా నాన్నకి మూడు పుట్టినరోజులు," అంది డాక్టరు. అంతే. ఉపఖండం మొత్తం ఒక్క మాటలో సర్దుకుపోయింది. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా బడి మొహం చూడకుండా తాతగారి ఇంట్లో పెరిగిందని, తర్వాత ఒకటో తరగతిలో వేస్తే ఒకటో తరగతికి సరిపోయేట్టు మాస్టారు అయిదేళ్ళని రాశారని, మనిషి పిడికెడు ఉండేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదని మా ఆవిడ చెప్తుంటే డాక్టరు తల ఊపుతూ కిందటి శీతాకాలపు హాస్పిటల్ కాగితాలు చదివింది. రికార్డులో సంవత్సరం తాను మార్చలేనంది.

"వద్దు వద్దు," అంది మా ఆవిడ కంగారుగా. "అందులో అరవై మూడే ఉండనివ్వండి."

ఈ టీకా ఆవిడ వయసుకి వెయ్యకూడనిదేమీ కాదని, ఎవరికి ఏ ట్రే అనేదానికి తమకో లెక్క ఉంది గాని కిందటి శీతాకాలం ఛాతీ సంగతి చూశాక తన నిర్ణయం మీద ఎడమ ట్రేలోదే ఇస్తానని డాక్టరు చెప్పింది. ఇది వేసుకుంటే ఫ్లూ రానే రాదని కాదు, వచ్చినా హాస్పిటల్ దాకా పోకుండా ఉండే అవకాశం పెరుగుతుంది అంది. చెయ్యి నొప్పి, జ్వరం రావచ్చంది. నర్సు సిరంజి తీసింది. అప్పటికి నాకు నోరొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ కోపమంతా ఎక్కడ చూపించాలో తెలియక, దొరికిన చోట చూపించాను.

"అందులో సొరచేప నూనె ఉంటుంది, తెలుసా?" అన్నాను. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వని మనిషి మరి.

"తెలుసు," అంది. నర్సుకేసి తిరిగి, "ప్లీజ్, సిస్టర్," అని భుజం ముందుకి పెట్టింది.

స్టీవెనేజ్‌లో రౌండెబౌట్లకి కొదవ లేదు. కోపంలో ఉన్నవాడు స్టీరింగ్ పట్టుకుంటే ఇల్లు చేరడం కష్టం. మా దారి మలుపు దగ్గర ఒకే రౌండెబౌట్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నాకు తెలియదు. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. "అదిగో, ఆ ఎగ్జిట్టే," అంటూనే ఉంది ఆవిడ. నాకు తెలుసు, అన్నాను. మూడేళ్ళు ముందు పుట్టినవాణ్ణి అనబోయి నాలిక కరుచుకున్నాను.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను చివరికి.

"ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లని మీ అమ్మగారు చేసుకునేవారా?" అంది. "సర్టిఫికెట్లో ఇరవై అయిదుంది. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది, చచ్చినా చెప్పకూడదని."

అది నిజమే. మా అమ్మ చేసుకునేది కాదు. నేనూ అప్పట్లో అమ్మ మాట దాటేవాణ్ణి కాదు. అందుకని అబద్ధం ఆడిందన్న కోపం ఆ రౌండెబౌట్ దగ్గరే చాలావరకు దిగిపోయింది. దిగిపోయాక దాని కింద వేరేది కనిపించింది. అది కోపం కాదు, భయం.

నేను రిటైరైన దగ్గర్నుంచీ పోవడానికి తయారవుతూనే ఉన్నాను. మగవాణ్ణి, వయసులో పెద్దవాణ్ణి, కాబట్టి ముందు నేనే అన్నది నాకు తిథీవారం లాగా ఖాయం. బాయిలర్ ఎలా ఆపాలో, కౌన్సిల్ టాక్స్ ఎలా కట్టాలో, ఏ వారం ఏ రంగు బిన్ను బయటపెట్టాలో ఆవిడకి పాఠాలు చెప్పేవాణ్ణి. నేను పోయాక నువ్వు ఇబ్బంది పడకూడదు అని ఎంతో త్యాగంగా చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు నాకు చాలా సుఖంగా ఉండేది. ఆవిడ లేని ఇంట్లో ఉండవలసిన అవసరం నాకు రాదు. ఆ పని ఆవిడకే వదిలేశాను. ఇప్పుడు సర్జరీ గదిలో ఒక్క మాటతో ఆ లెక్క తిరగబడింది. పొద్దున్న ఇంట్లోంచి అరవై మూడేళ్ళ మనిషితో బయల్దేరాను, మధ్యాహ్నానికి అరవై ఏడేళ్ళ మనిషితో తిరిగొస్తున్నాను. ఆ ఛాతీతో.

"నాలుగేళ్ళు పోయాయి," అన్నాను. "పొద్దున్న ఉన్న నాలుగేళ్ళు ఇప్పుడు లేవు."

ఆవిడకి అర్థమైంది. "ఎక్కడికీ పోలేదండీ," అంది. "మీరు లేనప్పుడు నేను వాడేసుకున్నాను. బడి లేదు, ఏం లేదు, తాతయ్య మందులు నూరుతుంటే తేనె నాకుతూ కూర్చునేదాన్ని. చాలా బాగా గడిచాయి."

కారు ఇంటిముందు ఆపాను. ఇద్దరం దిగలేదు.

"హాస్పిటల్లో చెప్పేద్దామనుకున్నాను," అంది. "ఆ రాత్రుళ్ళు ఊపిరాడనప్పుడు. వీళ్ళు నన్ను చిన్నదాన్ననుకుని వైద్యం చేస్తున్నారు అనిపించేది. అమ్మకిచ్చిన మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. చచ్చినా చెప్పకూడదనే అనుకున్నాను. మొన్న అమ్మాయి ఆ అనుపానం సంగతి చెప్పాక, చావకూడదు కదా అనిపించింది. అందుకని చెప్పాను."

నేను సీటుబెల్టు తియ్యడానికి చాలాసేపు పెనుగులాడాను. దాని బటన్ ఎక్కడుందో కనిపించలేదు.

మర్నాడు ఆవిడకి జ్వరం వచ్చింది. చెయ్యి ఎత్తలేకపోయింది, ఒళ్ళంతా నొప్పులంది. భార్యకి జ్వరం వస్తే సంతోషపడిన భర్త ఈ వీధిలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. అనుపానం పనిచేస్తోంది, కణాలన్నీ లేచి కూర్చున్నాయి అని లీడ్స్‌కి ఫోన్ చేశాను. అమ్మాయి నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లింది. జ్వరం వచ్చిందంటే టీకా బాగా పట్టిందని కాదు, రాకపోతే పట్టలేదనీ కాదు, అలా లెక్కెయ్యకు డాడ్, అంది. సరే అన్నాను గాని ఒప్పుకోలేదు. తర్వాత వయసు సంగతి చెప్పాను. మా ఆవిడే చెప్పమంది. అమ్మాయి డాక్టరు కదా, ముందు, ఓహో, దట్ ఎక్స్‌ప్లెయిన్స్ లాస్ట్ వింటర్, అని లెక్కలు మొదలుపెట్టింది. మధ్యలో ఆగిపోయింది. తనూ ఆ నాలుగేళ్ళ దగ్గరికే వచ్చిందని తెలిసింది. అమ్మని జాగ్రత్తగా చూసుకోమని తెలుగులో అంది. మా అమ్మాయి తెలుగులో ఒక వాక్యం మొత్తం మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

మిరియాల చారు కాచి గ్లాసులో పోసి పైకి తీసుకెళ్ళాను. ఎక్కువ మిరియాలు పడ్డాయి, తాగలేక సగం వదిలేసింది. రగ్గు మెడదాకా కప్పుకుని కిటికీకేసి తిరిగి పడుకుంది. బయట చెట్టు దాదాపు ఖాళీ అయిపోయింది, శీతాకాలం వచ్చేస్తోంది. క్లిప్పు వేలికి తగిలిస్తే ఈసారి చెయ్యి లాక్కోలేదు. అంకె బాగానే ఉంది. బాగానే ఉందని చెప్పాను. నిద్రపోయిందనుకుని గ్లాసు తీసుకుని లేవబోయాను.

"ఈ చలికాలం గట్టెక్కుతానంటావా?" అంది.

కిటికీకేసి చూస్తూనే అంది. అంటారా అనలేదు, అంటావా అంది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ నోటివెంట ఆ మాట నేను వినలేదు. జ్వరంలో అందో, ఇంక దాచాల్సిందేమీ లేక అందో నేను అడగలేదు. గ్లాసు కింద పెట్టి మంచం అంచున కూర్చున్నాను. ఛాతీ నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది.

"అంటాను," అన్నాను.